కాలనీ తోటలో మంద కట్టించిన ఏడాది

ఇళ్ళ కాలనీల్లో చెట్లు పెంచే పనిలో కొత్తగా ఎవరు చేరినా, మొదటి రోజే చేతికి ఒక కాగితం ఇస్తారు. ఏ మొక్కకు ఎంత గుంత తీయాలి, గుంతకూ గుంతకూ ఎంత ఎడం ఉండాలి, ఎరువు ఎంత వేయాలి, అన్నీ అందులో ఉంటాయి. ఆ కాగితంలో తప్పేమీ లేదు. కానీ నేను పని చేసినంత కాలం, గుంత లోతు చాలక పాడైపోయిన కాలనీ తోట ఒక్కటి కూడా చూడలేదు. పాడైనవన్నీ మనుషుల దగ్గరే పాడైనాయి. ఒకటి నా వల్లే పాడైంది. ఈ పనిలోకి వచ్చే పిల్లలకు దాని గురించే చెప్పాలని రాస్తున్నాను.

మాది సీతారామపురం పైన మెట్ట పల్లె, గొర్రెలు మేపుకునే ఇల్లు. నాయన వెంట మంద తోలుతూ పెరిగాను. అక్షరాలు వచ్చింది నలభై దాటాక, నా కూతురి రెండో తరగతి పుస్తకం పక్కన కూర్చుని నేర్చుకుంటే. మొదట నర్సరీలో సంచులకు మట్టి నింపే కూలీని, తర్వాత కాలనీల్లో తోటపని మేస్త్రీని. ఎప్పుడు ఏ ఉద్యోగం వచ్చిందో, జీతం ఎప్పుడు పెరిగిందో రాయను, అవి ఎవరికీ పనికిరావు. నన్ను పెట్టుకున్న ఆఫీసు పేరు కూడా రాయను. అందులో మంచివాళ్ళూ ఉన్నారు, పనికిమాలినవాళ్ళూ ఉన్నారు, అన్ని ఆఫీసుల్లాగే.

షామియానా నీడ

ఆత్మకూరు దాటి ఉదయగిరి రోడ్డులో పోతే, గుట్ట అంచు చదును చేసి కట్టిన కాలనీ అది. ఒక గది, ఒక వంటిల్లు ఉన్న ఇళ్ళు వరసగా ఉంటాయి. ఉదయగిరి వైపు నుంచి, కలువాయి నుంచి, మా సీతారామపురం నుంచి పనుల కోసం దిగివచ్చిన జనం. కాలనీ నడిమధ్యన తోట కోసం స్థలం వదిలారు. దాని నిండా గ్రావెలే. పార దింపితే టంగుమని మోగేది.

మా పైఅధికారి ఒక ఇంజనీరు. చెడ్డవాడు కాదు, తొందర మనిషి. కాలనీ జనం చేతనే చెట్లు పెట్టించాలని పైనుంచి చెప్పారట. షామియానా వేయించి, మైకు పెట్టించి, వచ్చిన ప్రతివాళ్ళ చేతికి ఒక మొక్క ఇప్పించాడు. ఫోటోలు తీశారు. అప్పుడు ఇళ్ళు కట్టే బేల్దారి ఒకాయన లేచి అడిగాడు.

"సార్, ఈ చెట్టు మా ఇంటికి తీసకపోవచ్చా?"

"లేదయ్యా, ఇది అందరిదీ."

"అందరిదయితే నన్నెందుకు పట్టుకోమన్నారు సార్? ఎండలో చెయ్యి నొప్పి పుడతా ఉండాది."

జనం పగలబడి నవ్వారు. ఒక్కొక్కరే మొక్క కింద పెట్టి వెళ్ళిపోయారు. గంట తర్వాత నేనూ, సంచుల్లో మొక్కలూ, షామియానా విప్పే ఇద్దరు మనుషులూ మిగిలాం. ఇంకొకామె కూడా ఉంది. బక్కపలచటి మనిషి, అరవై ఐదు దాటి ఉంటాయి. షామియానా మధ్యలో కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది.

"లేమ్మా, గుడ్డ విప్పాల" అన్నాడు ఒకడు.

"ఇంకాసేపు ఉంచండయ్యా. మీ సొమ్మేం పోతాది?"

"మీటింగు అయిపోయింది కదక్కా" అన్నాను నేను.

"నేను మీటింగుకు వచ్చినానా? నీడకు వచ్చినా."

ఆమె పేరు పెంచలమ్మ. ఊరు ఉదయగిరి దగ్గర పల్లె. మొగుడు చనిపోయాక ఆటో తోలుకునే కొడుకు రమణయ్య దగ్గరకు వచ్చి చేరింది. ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ ఇంట్లో పడుకోవడమే గానీ, పగలు ఇంట్లో ఉండి ఎరగదు. ఇక్కడ ఇంటి కప్పు పది గంటలకే పెనంలా కాలుతుంది, బయటికొస్తే ఎండ. "నా కొడుకు ఫ్యాను కొనిచ్చినాడు. అది వేడిగాలి తిప్పతా ఉండాది. నాకు పార్కులూ బెంచీలూ వద్దబ్బయ్యా. మా ఇంటికి ఎదురుగా, నేను కూర్చోడానికి ఇంత నీడ వేసి పో" అని చేత్తో చాపంత మేర చూపించింది.

మా ఇంజనీరు ఆ రోజు నాతో, "ప్రజలు సహకరించలేదని రాసేద్దామా మాలకొండయ్యా?" అన్నాడు. జనానికి ఏం కావాలో అడగకుండా మొక్క చేతికిచ్చి నిలబెడితే దాన్ని సహకారం అనరు. అప్పుడు నేను ఆ మాట ఆయనతో అనలేదు. తలూపాను.

జాడించిన నీళ్ళు

మొదటి ఎండాకాలం నీళ్ళ దగ్గరే చిక్కు పడింది. కాలనీకి తాగే నీళ్ళ ట్యాంకరు రోజు విడిచి రోజు వచ్చేది. నేను ఇంటింటికీ తిరిగి, రోజుకు ఒక బిందె మొక్కలకు పోయండని అడిగాను. "మా నోట్లో పోసుకునేదానికే లేవు, నీ చెట్లకు యాడ తెచ్చేది?" అని తలుపులేసుకున్నారు.

పెంచలమ్మ నన్ను పిలిచి తిట్టింది. "నీకు బుద్ధి ఉండాదా? తాగే నీళ్ళు అడిగితే ఎవరిస్తారు? పారబోసే నీళ్ళు అడుగు."

ఆమె ఇంటికి ఎదురుగా, మురుగు కాలువ అవతల, వాడుకనీళ్ళ కుళాయి దగ్గర బండలు వేసి ఉండేవి. ఆడవాళ్ళంతా బట్టలుతికేది, అంట్లు తోమేది అక్కడే. ఆ నీళ్ళు రోడ్డు మీదికి పారి దోమలు చేసేవి. పెంచలమ్మ ఒక విరిగిన పార ముక్క తెచ్చి, బండల పక్క నుంచి స్థలంలోకి మూరెడు మూరెడుగా సాలు లాగింది. ఆ సాలు వెంట నేను కానుగ మొక్కలు పెట్టాను, పదకొండు. కానుగ మొండి చెట్టు, మేకలు కూడా ముట్టవు.

మొదటి నీళ్ళలో సబ్బు ఎక్కువ, అవి రోడ్డు మీదికే వదలాలి. జాడించిన నీళ్ళు సాల్లోకి. ఈ చట్టం పెంచలమ్మే పెట్టింది. రెండు నెలలు పోయేసరికి కుళాయి దగ్గర ఆడవాళ్ళ అరుపులు వినపడ్డాయి.

"ఏమే, అంత పౌడరు పోసి ఉతకతా ఉండావే, నా కానుగ చచ్చిపోదా?"

"నీ కానుగా? ఎవురిచ్చినారు నీకు?"

"నేను నీళ్ళు పోస్తా ఉండా, నాదే."

నేను దూరంగా నిలబడి ఆ పోట్లాట విన్నాను. ఆ కాలనీలో ఒక చెట్టును 'నాది' అనడం అదే మొదటిసారి. కొత్తగా వచ్చే పిల్లలకు చెబుతున్నా, చెట్ల కోసం జనం పోట్లాడుకుంటుంటే మధ్యలోకి పోవద్దు. పోట్లాట ఆగిపోయిన రోజు భయపడండి.

నాకు తెలిసిన పని

కానుగ వరస బతికింది. మిగతా స్థలం అట్లాగే గ్రావెల్. వేసిన వేప, నేరేడు ఒక్కటీ నిలవలేదు. మట్టిలో సారం లేదు, ఎరువు తోలిద్దామంటే ఆఫీసులో కదలిక లేదు. అప్పుడు నాకు మా నాయన పద్ధతి గుర్తొచ్చింది. చేనుకు సత్తువ కావాలంటే కోతలయ్యాక గొర్రెల మంద కట్టిస్తారు. పది దినాలు మందను చేలోనే పండబెడితే, ఆ పెంటికలూ పంచితమూ నేలలోకి దిగి, తర్వాతి ఏడు పైరు నల్లగా లేస్తుంది. మెట్ట నుంచి పెన్న వైపు, సంగం కాలువ కింద కోసిన మళ్ళకు ఏటా మందలు దిగుతాయి. దారిలో పది దినాలు ఇక్కడ ఆగితే చాలు.

"పార్కులో గొర్రెలా?" అన్నాడు ఇంజనీరు.

"సార్, ఇది నా పుట్టుక పని. నాకు వదిలేయండి."

మా పల్లె వాడే, ఓబులేసు అని, తన మందను తోలుకొచ్చాడు. చుట్టూ ముళ్ళ కంప నరికి దడి కట్టాడు. కాపరులకు కూలి బదులు కూడు పెట్టాలి, అది ఆచారం. వీధికి ఒక రోజని కాలనీవాళ్ళు వంతులు వేసుకున్నారు. మీటింగుకు పిలిస్తే రాని మనుషులు, గొర్రెలు వచ్చాయంటే మాత్రం వచ్చారు. అందరూ పల్లెల నుంచి వచ్చినవాళ్ళే, ఆ వాసన తెలిసినవాళ్ళే. "ఇవాళ రెండో వీధి సంగటంట, రాయి మాదిరి ఉంటాది, చూసుకో ఓబులేసూ" అని ఎగతాళ్ళు. పెంచలమ్మ సాయంత్రాలు దడి పక్కన కూర్చుని గొర్రెపిల్లల్ని చూసేది. ఆ పది దినాలూ ఆ కాలనీ ఒక ఊరిలాగా ఉంది. నేను ఛాతీ విరుచుకుని తిరిగాను.

ఆరో రోజో ఏడో రోజో, పెంచలమ్మ ఒక పెంటికను పుల్లతో చిదిమి నాకు చూపించింది.

"ఇందులో గింజలు ఉండాయి చూడబ్బయ్యా. ఏం మేసినాయి ఇవి?"

"గొర్రె పళ్ళ కింద పడిన గింజ మొలుస్తాదా అక్కా? గొర్రెల సంగతి నాకు చెప్తావా?"

"నీకు తెలిస్తే సరే" అని పుల్ల పారేసింది.

నాకు తెలియదు. నేను మంద తోలిన రోజుల్లో మా మెట్టల్లో గడ్డి ఉండేది, రేగు ఉండేది, తుమ్మ కాయ ఉండేది. ఇప్పుడు అక్కడి నుంచి కిందిదాకా సర్కారు తుమ్మే. ఎండాకాలం గొర్రెకు దొరికే మేత దాని పసుపు కాయలు ఒక్కటే. ఓబులేసు కూడా ఆ మాట నాతో మామూలుగానే అన్నాడు, "కాయలు లేకపోతే ఈ ఏడు మంద సగం పోయుండు మామా" అని. విన్నాను. కానీ నా బుర్ర నలభై ఏళ్ళ కిందటి మంద దగ్గరే ఆగిపోయి ఉంది. తెలియనివాడు ఎవరినైనా అడుగుతాడు. ఒకప్పుడు తెలిసినవాడే ఎవరినీ అడగడు. ఈ పనిలో నేను చూసిన పెద్ద నష్టాలన్నీ అట్లాంటివాళ్ళ వల్లే జరిగాయి.

వాన తర్వాత

మొదటి వానకు స్థలమంతా పచ్చబడింది. జనం సంతోషపడ్డారు. నేను దగ్గరికి పోయి వంగి చూశాను. ప్రతి పెంటిక పడినచోటా, నారు పోసినట్టు, సర్కారు తుమ్మ మొలకలు. బెత్తెడు ఎత్తు లేవకముందే ముల్లు పెడుతుంది ఆ మొక్క. వేరు పూర్తిగా రాకపోతే మళ్ళీ చిగురేస్తుంది. నెల రోజుల్లో పీకకపోతే ఆ నేల ఇక మనది కాదు.

తప్పు చేశానని మైకు లేకుండా, వీధి వీధికీ పోయి చెప్పాను. "నా వల్ల జరిగింది. ఒక్కడిని పీకలేను. రండి."

తిట్టారు. తిడుతూనే వచ్చారు. మరుసటి ఆదివారం పొద్దున కాలనీలో ఉన్న మనిషల్లా ఆ స్థలంలో ఉన్నాడు. 'చెయ్యి నొప్పి' అన్న బేల్దారి గడ్డపార తెచ్చాడు. ఆడవాళ్ళు చేతులకు పాత గుడ్డలు చుట్టుకుని వరసగా కూర్చున్నారు, వేరుశనగ పీకినట్టు. నా ఉద్యోగం మొత్తంలో అంతమంది ఒకేసారి ఒక తోటలో దిగడం అంతకుముందు చూడలేదు, తర్వాతా చూడలేదు.

అప్పుడే నా రెండో తప్పు జరిగింది. మా ఇళ్ళల్లో చేలోకి చెప్పులతో దిగరు. గట్టు మీద విడిచి, నేలకు చెయ్యి ఆనించి కళ్ళకద్దుకుని దిగుతారు. ముందు నేనే స్థలం అంచున చెప్పులు విడిచి దిగాను. నన్ను చూసి ఒకరి వెనక ఒకరు అందరూ విడిచారు. అంచు వెంట చెప్పుల వరస చూసి నాకు కడుపు నిండింది. ఇది ఇప్పుడు వీళ్ళకు చేనైంది అనుకున్నాను. అది చేను కాదని, ఓబులేసు దడి విప్పినప్పుడు విరిగిపడిన ఎండు కంప ఆ పెంట కిందంతా ఉందని నాకు తోచలేదు.

ముళ్ళు చాలామందికి దిగాయి. "అబ్బా" అని పీకి పారేసి మళ్ళీ వంగారు. పెంచలమ్మ మాత్రం ఒక్కసారి కూడా అబ్బా అనలేదు. ఆమెకు షుగర్ ఉందని నాకు తెలుసు. షుగర్ మనుషులకు అరికాళ్ళలో స్పర్శ పోతుందని తెలియదు. నాలుగు రోజులు వరసగా వచ్చింది. మూడో రోజు ఆమె నడిచిన చోట గ్రావెల్ మీద ఒక పాదం తడి, ఒక పాదం పొడి. కుళాయి దగ్గర తడిసి ఉంటుందనుకుని చూసి ఊరుకున్నాను.

కాలు

పది రోజుల తర్వాత పెంచలమ్మకు జ్వరం వచ్చింది. ఆత్మకూరులో చూపిస్తే నెల్లూరు పొమ్మన్నారు. నెల్లూరులో, ముల్లు మడమలోపల విరిగి ఉందని, విషం పైకి పాకిందని చెప్పి మోకాలి కింద నుంచి కాలు తీసేశారు.

నేను ఆస్పత్రికి పోయాను. రమణయ్య వరండాలో గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. లేవలేదు.

"ఎందుకు వచ్చినావు మామా?"

"చూసిపోదామని."

"ఏం చూస్తావు? ఉన్న కాలు చూస్తావా, పోయిన కాలు చూస్తావా?"

నేను తెచ్చిన పళ్ళ సంచి అతని పక్కన పెట్టాను.

"అది మీ ఆఫీసు పని కదా. నీకు జీతం ఇస్తా ఉండారు కదా. మా అమ్మకేమి ఇచ్చినారు? నీడ అడిగింది. అంతే గదా ఆమె అడిగింది."

 ఆఫీసులో ఇంజనీరు, "మనం ఎవరినీ రాతపూర్వకంగా పిలవలేదు కదా, మన మీదికి ఏమీ రాదులే" అన్నాడు. నన్ను కాపాడుతున్నాననే అనుకున్నాడు పాపం. ఆ మాట నేను మర్చిపోలేదు. మీకు ఒకటే చెబుతాను. కాలనీ జనాన్ని పనికి పిలిచేటప్పుడు వాళ్ళు మనకు ఊరికే చేస్తున్నారని గుర్తుపెట్టుకోండి. కూలీకి గ్లోవ్స్, బూట్లు ఇవ్వకపోతే ఎవరో ఒకరు అడుగుతారు. ఊరికే వచ్చినవాళ్ళ కాళ్ళు ఎవరూ చూడరు. మనమే చూడాలి. ఎవరికి ఏ జబ్బుందో ముందే అడగాలి. అడగడానికి మొహమాటపడితే ఆ పని వదిలేయండి.

మిగిలిన వరస

పెంచలమ్మ కాలు పోయాక ఆ స్థలంలో ఎవరూ దిగలేదు. తల్లులు పిల్లల్ని దగ్గరికి పోనీయలేదు. నేను బూట్లు తెచ్చి వీధిలో పెట్టాను, ఎవరూ ముట్టలేదు. ఎవరినీ తప్పుపట్టను. సగం పీకిన తుమ్మ మళ్ళీ లేచి నడుము దాటింది. మూడో ఏడు ఆఫీసు నుంచి జేసీబీ వచ్చి, ముల్లూ మొక్కా తేడా చూడకుండా గీకేసి పోయింది. కుళాయి పక్కన కానుగ వరస దగ్గర మాత్రం ఆడవాళ్ళు అడ్డం నిలబడ్డారు. ఆ వరస ఏపుగా పెరిగింది. దానికి ఎవరి సహకారమూ అక్కర్లేదు. బట్టలుతకడం ఆగదు కాబట్టి నీళ్ళు ఆగలేదు.

ఆ నీడ పెంచలమ్మ గడపకు ఎదురుగానే పడేది. మధ్యలో మూడు మెట్లు, ఒక మురుగు కాలువ, రోడ్డు. మోసుకుపోతామని కుళాయి దగ్గర ఆడవాళ్ళు ఎన్నిసార్లు అడిగినా ఒప్పుకోలేదు. "నన్ను మోసేది ఒక్కసారే, అది నేను చూడను" అని నవ్వేది. గుమ్మంలో మంచం మీద కూర్చుని, ఎవరు పౌడరు ఎక్కువ పోస్తున్నారో అక్కడి నుంచే అరిచేది. నేను అటు పోయినప్పుడల్లా పలకరించేది. రమణయ్య మాత్రం నాతో మాట్లాడలేదు.

నేను రిటైరైన నెలలో రమణయ్య ఫోన్ చేశాడు. అమ్మకు మూత్రపిండాలు కూడా చెడిపోయాయని, డాక్టర్లు ఇంటికి తీసుకుపొమ్మన్నారని చెప్పాడు.

"చెట్టు కింద కూర్చుంటానంటా ఉండాది మామా. నేనొక్కడినే ఎత్తలేను. వస్తావా?"

పోయాను. ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, ఒక పక్క కొడుకు, ఒక పక్క నేను పట్టుకుని మెట్లు దించాం. బరువే లేదు. కాలువ దాటి, కుళాయి పక్కన, రెండు కానుగల మధ్య నీడ చిక్కగా ఉన్నచోట దించాం. బండల దగ్గర ఆడవాళ్ళు ఉతకడం ఆపి చుట్టూ చేరారు.

"ఏం పెద్దమ్మా, ఎట్టుండాది నీ తోట?" అంది ఒకామె.

పెంచలమ్మ తలెత్తి కొమ్మలు చూసింది. చేతులు ఒళ్ళో పెట్టుకుంది. "బాగుండాది. నేను చాపంత అడిగితే పందిరేసినారు" అంది. అందరూ నవ్వారు. రమణయ్య కూడా నవ్వాడు. ఎవరో మజ్జిగ తెచ్చారు, ఒక గుక్క తాగి గ్లాసు నాకిచ్చింది.

అట్లా కొంతసేపు కూర్చుంది. తర్వాత కొంగు లాగి భుజాల చుట్టూ కప్పుకుంది. పెదవులు వణుకుతున్నాయి.

"అబ్బయ్యా" అంది నన్ను చూసి. "చలేస్తా ఉండాది. నన్ను ఎండలో పెట్టండి."

రమణయ్య నా వైపు చూశాడు. ఇద్దరం వంగి కుర్చీ ఎత్తి, నీడ దాటించి, ఎండలో దించాం.